పేర్ల వంతు

"ఏం గొణుగుతున్నావు? నన్నేనా?" అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

"మిమ్మల్ని కాదత్తయ్యా. పేర్లు."

"ఎవరి పేర్లు?"

"చచ్చినవాళ్ళవి."

ఈ ఇంట్లో ఆ జాబితాకి అందరికంటే దగ్గరగా ఉన్నది తనేనని గుర్తొచ్చిందేమో, అత్తగారు మంచినీళ్ళ చెంబు అందుకుని వెళ్ళిపోయింది. కోడలు మళ్ళీ మాడిన గిన్నె మీదికి వంగింది. ఒక పేరుకి రెండు రుద్దులు. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, ఆ ఫలానావాడు ఇంకో ఫలానావాణ్ణి కనెను. గిన్నె అడుగు తెల్లబడేసరికి పన్నెండు తరాలు గడిచేవి. ఆమె ఇద్దర్ని కన్నది. రెండోసారి చచ్చి బతికింది. మగాళ్ళు కనడమేమిటి, ఆ తల్లులందరూ ఆ రోజు ఎక్కడికి పోయారు అని మొదటి వారమే నవ్వొచ్చింది. ఆ నవ్వు చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేక దాన్ని కూడా మసితో పాటే కడిగేసింది.

ఈ పేర్లు ఆమె కోరుకున్నవి కావు. మిగిలినవి.

ప్రభువును నమ్మినవాళ్ళు కూడుకోకూడదని, గ్రంథాలు దగ్గర ఉంచుకోకూడదని ప్రభుత్వం హుకుం జారీ చేసింది. ఇంటింటికీ వచ్చి పట్టుకుపోయారు. వాళ్ళ సంఘంలో మిగిలింది ఒక్కటే, గడియారాలు బాగుచేసే పెద్దాయన పనిబల్ల అడుగున దాచింది. "కాగితాన్ని తగలబెట్టగలరు. తలకాయల్లో ఉన్నదాన్ని ఏం చేస్తారు?" అన్నాడాయన. గడియారం విప్పి చక్రాలు విడివిడిగా పెట్టినట్టు ఆ పుస్తకాన్ని విప్పి, ఎవరి వంతు వాళ్ళకి పంచాడు. వంతు నోటికి వచ్చాక ఆ కాగితాలు పొయ్యిలో పెట్టెయ్యాలి. ఆ తర్వాత ఆ మనిషే ఆ కాగితం.

పంచింది ఆమె ఇంట్లోనే. పంచుతున్నంతసేపూ ఆమె పదకొండు మందికి టీ కాస్తోంది. పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి పుస్తకమంతా అయిపోయింది. ఆమె భర్తకి సిలువ దగ్గరి వంతు వచ్చింది. తోడికోడలికి కీర్తనలు వచ్చాయి. నేల మీద నాలుగు కాగితాలు మిగిలాయి. వాటి నిండా పేర్లే.

"ఇవి మీరు తీసుకోండమ్మా. కథ ఉండదు, వరుస తప్పకుండా చెబితే చాలు. తప్పినా పెద్ద ప్రమాదం లేదు" అన్నాడు పెద్దాయన.

"అంతకంటే పెద్దది దానికెందుకులెండి. కూరలో ఉప్పే మర్చిపోతుంది" అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. తోడికోడలు నవ్వలేదు. నవ్వకపోవడం ఆమెకి ఇంకా మంట పుట్టించింది. జాలి పడటానికి నువ్వెవరివే, అనుకుంది.

తోడికోడలు బడిలో పాటల పంతులమ్మ. మరిది ఉద్యోగం ఊళ్ళు తిరిగేది, పిల్లలు లేరు, రెండు వీధుల అవతల రెండు గదుల ఇల్లు. కొవ్వొత్తుల్లాంటి వేళ్ళు. ఆ వేళ్ళను చూసినప్పుడల్లా ఆమె తన చేతులు కొంగులో దాచుకునేది. ఆస్పత్రి చాకిరేవులో పదమూడేళ్ళుగా దుప్పట్లు ఉతికిన చేతులవి. వేడినీళ్ళకి గోళ్ళు పసుపు తిరిగి, కణుపులు వాచి ఉంటాయి. కూడికలో తోడికోడలు గొంతెత్తితే గదిలో గాలి కూడా కదిలేది కాదు. దుఃఖంలో ఉన్నవాడు దేవుణ్ణి పిలిచే కీర్తన ఒకటి ఉంది, అది పాడినప్పుడు ఆమె భర్త కళ్ళు తుడుచుకునేవాడు. పెళ్ళయి పదిహేనేళ్ళలో ఆ కళ్ళు ఆమె కోసం ఒక్కసారీ తడవలేదు. రెండో కాన్పులో డాక్టరు చేతులెత్తేసిన రోజు కూడా ఆయన అడిగింది, "ఇంట్లో బియ్యం ఎక్కడుంటాయి?" అనే. కూడిక ముగిసి అందరూ వెళ్ళాక పదే పదే చెప్పేవాడు, "మా మరదలు పాడుతుంటే పరలోకం గుమ్మం దాకా వెళ్ళొచ్చినట్టుంటుందే." ఆమె కంచం తీస్తూ వినేది. పరలోకం గుమ్మం దాకా వెళ్ళొచ్చిన మనిషికి తన ఎంగిలి కంచం గుర్తుండదు కదా.

అసూయ పాపమని ఆమెకి తెలుసు. తెలిసి చేసేది. టీ కప్పుల్లో ఒకటి అంచు పగిలింది. ప్రతి కూడికకీ ఆ కప్పు తోడికోడలికే వెళ్ళేది. పళ్ళెంలో దాన్ని అటువైపుకి తిప్పి పెట్టడంలో ఆమెకి ఒక నేర్పు వచ్చేసింది. తోడికోడలు తీసుకుని, "చాలా బాగుందక్కా" అనేది. దానికి అదొకటి. మంచితనం. రాయి విసిరితే పూలదండలా మెళ్ళో వేసుకునే రకం.

తర్వాత కాగితాలు వచ్చాయి. ఉద్యోగం చేసే ప్రతివాళ్ళూ సంతకం పెట్టాలి. నేను ఆ విశ్వాసం వదులుకున్నాను, ఇక వాళ్ళతో కూడను అని రెండు వాక్యాలు. భర్త నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా. మొదటి రోజే పెట్టేశాడు. ఆ మాట ఆమెకొక్కదానికే చెప్పాడు, అదీ చొక్కా విప్పి తగిలిస్తూ, వాన పడిందన్నంత తేలిగ్గా.

"సిరాతో రాసింది సిరాతోనే పోతుంది. లోపల ఉన్నది ఉంది. ప్రభువు హృదయం చూస్తాడు."

"సంఘంలో చెబుతారా?"

"నీకు మతి ఉందా? నీ పని నువ్వు చూసుకో."

మర్నాడు చాకిరేవులో సూపర్‌వైజరమ్మ ఆమె ముందు అదే కాగితం పెట్టింది. ఆమె చేతిలో కలం ఉంది. కలం మూత కూడా తీసింది. పెట్టేసేదే. కానీ ఆ పొద్దునే దారిలో ఎవరో చెప్పారు, బడిలో పాటల పంతులమ్మ సంతకం పెట్టనందట అని. అదొక్క మాట ఆమె గుండెలో ముల్లులా కూర్చుంది. అది పెట్టలేదా? కొవ్వొత్తి వేళ్ళది, గాలికి రాలిపోయేలా ఉండేది, పెట్టలేదా? అయితే నేను పెడతానా? కలం మూత బిగించి బల్ల మీద పెట్టింది. "నేను పెట్టనమ్మా" అంది. అసూయతో నిలబడిన విశ్వాసం విశ్వాసమేనా అని తర్వాత చాలాసార్లు తనను తనే ప్రశ్నించుకుంది. కాళ్ళు మాత్రం నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయో కాళ్ళని ఎవరడుగుతారు?

ఆ ఆదివారం కూడికలో పెద్దాయన తోడికోడల్ని నిలబెట్టి స్తోత్రం చెప్పించాడు. "ఈ చిన్నమ్మ విశ్వాసం చూడండి" అన్నాడు. ఆడవాళ్ళు ముద్దులు పెట్టారు. అప్పుడు ఆమె భర్త గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లోనూ ఎవరూ పెట్టలేదండి. ఇంటికి శిరస్సు నిలబడితే ఇల్లు నిలబడుతుంది. నేను పెట్టలేదు కాబట్టి మా ఆవిడా పెట్టలేదు."

"స్తోత్రం" అన్నారందరూ, ఆయన వైపు తిరిగి. సంతకం పెట్టనన్న మగాళ్ళు ముగ్గురు అప్పటికే ఉద్యోగాలు పోగొట్టుకుని గోడవారన కూర్చుని ఉన్నారు. ఈయన ఉద్యోగం ఎలా నిలిచిందని వాళ్ళూ అడగలేదు. "ప్రభువు కాపాడాడు" అని ఆయనే చెప్పుకున్నాడు. ఆమె వంటింట్లో టీ వడగడుతూ విన్నది. చేతి మీద టీ ఒలికినా తెలియలేదు.

చాకిరేవులో ఆమెను ఆపరేషన్ గది దుప్పట్ల వైపు మార్చారు, నెత్తురూ చీమూ ఉన్నవాటికి. అది భరించవచ్చు. ఇద్దరు పిల్లల్ని పెంచినదానికి అసహ్యం ఎప్పుడో చచ్చిపోయింది. భరించలేనిది మడత. తడి దుప్పటి పిండాలన్నా, ఆరినదాన్ని మడవాలన్నా ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని, లాగి, దగ్గరకొచ్చి, కొసలు కలపాలి. పదమూడేళ్ళు ఆమెకి అవతలి అంచు పట్టుకున్న ఆడది ఇప్పుడు చూపు తిప్పేసుకుంది. ఎవరూ రాలేదు. ఆమె దుప్పటి అంచును కిటికీ ఊచకి ముడివేసి ఒక్కతే మడిచేది. ఊచ దగ్గరకు రాదు. ప్రతి దుప్పటికీ తనే ఊచ దాకా నడవాలి. నడుస్తూ పేర్లు చెప్పుకునేది. ఒక దుప్పటికి ఏడు తరాలు.

రెండు నెలలకి, మధ్యాహ్నం భోజనాల వేళ, తడి బట్టలతోనే పోలీసులు ఆమెను స్టేషనుకి తీసుకెళ్ళారు. ఎవరు కబురంపారో, వరండాలో భర్త అప్పటికే ఉన్నాడు. లోపలికి పంపేముందు రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు.

"చూడవే, వాళ్ళకి నువ్వక్కర్లేదు. మనింట్లోంచి ఆడగొంతు పాట వినిపిస్తోందని ఎవరో చెప్పారు. ఆ పాడేది ఎవరో అక్కడ విన్నవాళ్ళ నోటితో కావాలి. అంతే."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"చెప్పెయ్. నేను చెబితే కూడికలో నేనూ ఉన్నట్టు తేలిపోతుంది. దానికి పిల్లలా జెల్లలా? నాలుగు నెలలు లోపలుంచి వదిలేస్తారు. నీకిద్దరున్నారు. నేనున్నాను. ఎలాగూ దాన్ని చూస్తే నీకు పడదుగా, నాకు తెలీదనుకున్నావా?"

తెలుసన్నమాట. పదిహేనేళ్ళలో ఆమె గురించి ఆయన గమనించింది అదొక్కటే, అదీ ఈ రోజు పనికొస్తుందని. ఆ కీర్తనకి కళ్ళు తుడుచుకున్న చేతిరుమాలు ఆయన జేబులోంచి కొస బయటపెట్టుకుని కనిపిస్తోంది. ఏ కన్నీళ్ళ కోసం ఆమె ఇన్నాళ్ళూ కుళ్ళిపోయిందో, ఆ కన్నీళ్ళ ఖరీదు ఇంతే. నేనా వీటి మీద ఆశపడింది, అనుకుంది. సిగ్గేసింది. అయితే ఆ సిగ్గుతో అసూయ చల్లారిందా? లేదు. మనిషి కడుపు అంత సులువుగా చల్లారదు.

లోపల ఒక అధికారి, ఒక రాతగాడు, ఒక బల్ల. అధికారి మర్యాదగానే మొదలుపెట్టాడు.

"ఏమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. ఒక్క పేరు. చెప్పి ఇంటికెళ్ళి వంట చేసుకో. పాత పనిలోకి వేయిస్తాను."

ఒక్క పేరు. ఆ పేరు ఆమె నాలుక మీద ఎప్పుడూ ఉంటుంది. గిన్నె తోముతూ కసిగా అనుకున్న పేరు, కంచం తీస్తూ నమిలిన పేరు. చెబితే కూడికలో ఆ గొంతు ఉండదు. ఆ మూల ఖాళీ అవుతుంది. పగిలిన కప్పు పారేయొచ్చు. నోటిదాకా వచ్చింది. పెదవులు కూడా కలిశాయి. ప్రభువా, అనుకుంది, దీన్ని నేను ప్రేమించలేను. అడగకు. ఇంకేదైనా ఉంటే అడుగు. నా దగ్గర ఏముందో నీకు తెలుసు.

ఆమె దగ్గర ఉన్నది నాలుగు కాగితాలు.

"పేర్లు చెప్పనా అండీ?" అంది.

"చెప్పు, చెప్పు. రాసుకోవోయ్."

ఆమె మొదలుపెట్టింది. రాతగాడు రాశాడు. ఒక పేరు, వాడి కొడుకు, వాడి కొడుకు. అధికారి మొహం విచ్చుకుంది. కుటుంబాలకు కుటుంబాలే దొరుకుతున్నాయి.

"వీళ్ళ అడ్రసు?"

"లేదండి. పోయారు."

"ఊరొదిలి పోయారా?"

"లోకం వదిలి పోయారండి. చాలా కాలమైంది."

రెండో పేజీ మధ్యలో రాతగాడు కలం ఆపి, అధికారి చెవిలో ఏదో చెప్పాడు. అవి గ్రంథంలోని పేర్లని పట్టేశాడు, వాడు చిన్నప్పుడు ఏ మిషన్ బడిలో చదివాడో. అధికారి లేచి బల్ల మీది రూళ్ళకర్ర అందుకుని ఆమె వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. వాచిన కణుపులు. ఆమె ఆగింది. వరుస తప్పింది. ఆమెకి మధ్యలోంచి చెప్పడం రాదు. గిన్నె దగ్గర నేర్చుకున్న చదువది. తప్పితే మొదటికి రావాలి. వచ్చింది. మళ్ళీ మొదటి పేరు చెప్పింది.

మూడు రోజులు అలా జరిగింది. అడిగిన ప్రతిసారీ మొదట్నుంచి. కొట్టిన ప్రతిసారీ మొదట్నుంచి. రెండో రోజుకి ఆ పేర్లు ఆమెకి మనుషుల్లా అనిపించాయి. కథ లేని మనుషులు. పుట్టారు, ఇంకొకర్ని ఇచ్చారు, పోయారు. ఎవరూ వాళ్ళని పాడరు. కానీ మధ్యలో ఒక్కడు తప్పుకుని ఉంటే చివరివాడైన రక్షకుడు రాడు. అలా తప్పుకోని ఆడవాళ్ళ పేర్లయితే ఆ నాలుగు కాగితాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె గొంతు కొంచెం పెంచేది.

నాలుగో రోజు పొద్దున వదిలేశారు. మతి స్థిమితం లేదు అని ఒక కాగితం రాసి, ముద్ర వేసి, భర్త చేతికిచ్చారు. "మంచిదే అయింది. ఇది ఉంటే ఇక మన జోలికి రారు" అంటూ ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి మూడు రోజుల గిన్నెలు తొట్లో అలాగే ఉన్నాయి.

"వచ్చావా. పని మనిషిని పెట్టుకుందామంటే నీ మొగుడు ఒప్పుకోలేదు" అంది అత్తగారు. తర్వాత ఆమె చేతులు చూసింది. ఒక గిన్నె తనే తీసుకుని తోమడం మొదలుపెట్టింది, సగం తోమి పక్కన పెట్టేసింది.

పిచ్చిదాని ఇంటి వైపు ఎవరూ తొంగి చూడరు కదా అని పెద్దాయన కూడికలు మళ్ళీ ఆ ఇంట్లోనే పెట్టాడు. మొదటి కూడికలో, మన గాయకురాలిని ప్రభువు కాపాడాడని అందరి చేతా స్తోత్రం చెప్పించాడు. ఏ చేతులతో కాపాడాడో ఎవరూ అడగలేదు. ఆమె వంటింట్లో వాచిన వేళ్ళతో కప్పులు సర్దుతోంది. పగిలిన కప్పు అటువైపుకే తిప్పింది.

పాటలకి ఇంకో మనిషి దొరకగానే, వారం తిరక్కుండా బడిలోంచి తోడికోడల్ని తీసేశారు. ఎక్కడా పని దొరక్క చివరికి ఆస్పత్రి చాకిరేవుకి వచ్చింది. ఆ వైపు పనికి ఎవరొచ్చినా తీసుకుంటారు. ఆమె కిటికీ ఊచకి దుప్పటి ముడివేస్తుంటే వెనకనుంచి ఎవరో ఆ ముడి విప్పారు. కొవ్వొత్తి వేళ్ళు.

"ఇటివ్వక్కా."

ఇద్దరూ అంచులు పట్టుకుని లాగారు. తోడికోడలికి పని రాదు. కొస వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది.

"నా పేరెందుకు చెప్పలేదక్కా?"

"పేర్లు చెప్పాను. నీది ఆ వరుసలో లేదు."

"నేనంటే నీకు పడదు. పగిలిన కప్పు ప్రతిసారీ నాకే ఇస్తావు."

ఆమె చేతిలో దుప్పటి ఆగింది. "తెలుసా?"

"రెండుసార్లు పెదవి తెగిందక్కా."

"మరి చెప్పవేం?"

"నీకు నా మీద కోపం ఉంటేనన్నా నన్ను చూస్తావని."

ఆమె దుప్పటి అంచు మళ్ళీ లాగింది. "నిన్ను చూసి ఏడవడం నాకు అలవాటైపోయిందే. నువ్వు లేకపోతే ఇంకెవర్ని చూసి ఏడవను?" అంది. అది హాస్యమో నిజమో ఆమెకే తెలియదు. తోడికోడలు నవ్వబోయి, నవ్వలేక ముక్కు ఎగబీల్చింది.

"నన్నూ స్టేషనుకి పిలుస్తారక్కా. నా కీర్తనలన్నీ ఏడుపే. పాడితే ఏడుస్తాను. ఏడిస్తే అడిగిందల్లా చెప్పేస్తాను, నా సంగతి నాకు తెలుసు. నీ పేర్లు నాకు నేర్పు."

అన్నీ నీకే కావాలి. ఆ మాట ఆమె గొంతులోకి వచ్చి ఆగింది. ఉన్నవి నాలుగు కాగితాలు. ఎవరికీ అక్కర్లేనివి, ఆమెవే అయినవి. అవీ ఇవ్వాలా? దీనికా? ఎదురుగా ఆ చేతులు తడి దుప్పటి అంచును రెండు గుప్పిళ్ళతో బిగించి పట్టుకున్నాయి. అప్పుడే రెండు గోళ్ళు విరిగాయి.

"సరిగ్గా పట్టుకో, జారుతోంది" అంది ఆమె. "దుప్పటికి ఏడు. తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. బతిమాలినా మధ్యలోంచి చెప్పను."

"సరే అక్కా."

"పాటలా లాగకు. పేర్లు అవి. రాయిలా చెప్పాలి."

అంచులు పట్టుకుని దగ్గరకొచ్చారు. కొసలు కలిశాయి. ఆమె మొదటి పేరు చెప్పింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, కిటికీ తెరలు దించి, పదకొండు మందీ ముందుగదిలో కూర్చున్నారు. భర్త సిలువ దగ్గరి వంతు చెబుతున్నాడు. కోడి కూయకముందే, ప్రభువును ఎరగనే ఎరగనన్న శిష్యుడి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వణికింది. బాగా వణికించగలడు. పూర్తయ్యాక రుమాలు తీసుకుని అటూ ఇటూ చూశాడు. వంటింటి వైపు నుంచి పళ్ళెం రాలేదు. ఆమె గోడవారన, తోడికోడలి పక్కన, చేతులు ఒళ్ళో పైకే పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమే, టీ ఏదీ?"

"మర్చిపోయానండి. మతిలేనిదాన్ని కదా, కాగితం మీ జేబులోనే ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కూడా నవ్వాడు, పదిమందిలో నవ్వాల్సిన నవ్వు. "లే, లే. అందరూ ఎదురు చూస్తున్నారు."

"మీరు లేవండి" అంది ఆమె. గొంతు పెంచలేదు. "కప్పులు గూట్లో ఉన్నాయి. ఆఫీసులో సంతకం పెట్టిన చెయ్యి అదేగా, దాంతోనే టీ కూడా పెట్టండి."

పెద్దాయన తల ఎత్తాడు. గోడవారన ఉద్యోగాలు పోయిన ముగ్గురు మగాళ్ళూ ఆమె భర్త కుడిచేతి వైపు చూశారు. ఆయన ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఈవేళ నా వంతు చెబుతాను" అంది ఆమె, ఎవరినీ అడక్కుండా. మొదటి పేరుతో మొదలుపెట్టింది. ఏడో పేరు దగ్గర పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది, లాగకుండా, రాయిలా.

ఈసారి మధ్యలో ఎవరూ ఆపలేదు.